ముందు చిన్నదాన్ని అడగండి

ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మా అక్క కొడుకు సునీల్ టీవీ పెట్టాడు. చర్చి నుంచి వచ్చి, భోజనాలు చేసి, కాస్త నడుం వాల్చి లేచాం. అక్క పోయినప్పటి నుంచి నేను ప్రతి ఆదివారం రాజమండ్రిలో వాళ్ళింటికే వెళ్తున్నాను. ఆ రోజు దారిలో ముంజెలు కొనుక్కెళ్ళాను. సునీల్ కూతురు ప్రిసిల్లా, మేమంతా ప్రిస్సీ అంటాం, నా పక్కన కూర్చుని వాటి పొట్టు ఒలుస్తోంది. టీవీలో ఆటేదో వస్తుందనుకున్నాను. తెర నిండా గళ్ళు వచ్చాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ. పైన ఇంగ్లీషు అక్షరాలతో ప్రిస్సీ పేరు, దాని పక్కన సమ్మర్ ప్లాన్ అని ఉంది.

సునీల్ లేచి నిలబడి ఆఫీసులో చెప్పినట్టు చెప్పుకుంటూ పోయాడు. పొద్దున్నే ఈత. తర్వాత అబాకస్. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా ఫౌండేషన్, అంటే ఆరో తరగతిలోకి వెళ్ళబోతున్న పిల్లకి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు పునాది. భోజనం చేశాక విశ్రాంతికి ఒక సన్నటి గడి. ఆపైన స్పోకెన్ ఇంగ్లీషు, కీబోర్డు. శనివారం మధ్యాహ్నం మాత్రం గులాబి రంగు గడి. అందులో 'మామ్మ ప్రాజెక్ట్' అని ఉంది. నాకర్థం కాలేదని గ్రహించి సునీల్ భార్య సుజాత చెప్పింది. "స్కూల్లో హాలిడే ప్రాజెక్ట్ ఇచ్చారండి పిన్నిగారూ. నాకు బాగా ఇష్టమైన మనిషి అని. అత్తయ్యగారి మీద చేయిద్దామనుకున్నాం. బాధ లోపల పెట్టుకోకుండా బయటికొస్తుందంటండి, స్కూల్ కౌన్సెలర్ కూడా అదే అంది."

మా అక్క అరవై ఏళ్ళకు పైగా నాకు తెలిసిన మనిషి. ఆమెకు గులాబి రంగు ఇష్టముండేది కాదు. ఆమె ఇప్పుడొక గడిలో ఉంది. సునీల్, సుజాత చెడ్డవాళ్ళు కారు. ఆ మాట ఇక్కడే చెప్పాలి. అక్క చివరి రోజుల్లో ఆస్పత్రిలో రాత్రుళ్ళు వంతులేసుకుని కూర్చున్నారు. ఆమెను ఒక్కమాట అనలేదు. మంచివాళ్ళు కావడం వల్లే నా కోపం ఎక్కువైంది. చెడ్డవాళ్ళయితే ఊరుకునేదాన్ని.

ఆ గళ్ళు చూస్తుంటే నాకు మా పెరడు గుర్తొచ్చింది. కడియం దాటాక కాలువ గట్టు వెంట వెళ్తే మా ఊరు వస్తుంది. నాన్నగారు మిషన్ బడిలో పంతులు. అందుకని సెలవులంటే పిల్లలకే కాదు, ఇంటికంతటికీ సెలవులే. వాటిని ఎలా గడపాలో ఈస్టరు మర్నాటి సాయంత్రం తేల్చుకునేవాళ్ళం. ముందురోజు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన, ఇంటికి చుట్టాలు, మాంసం పులుసు, అన్నీ అయిపోయి అందరూ అలిసిపోయి ఉండేవాళ్ళు. అమ్మ పొద్దు వాలకముందే వంట ముగించి పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పేది. అక్క పెరట్లో నీళ్ళు చల్లి చాపలు వేసేది. తడిసిన నేల వాసన, నిన్నటి పులుసు మళ్ళీ కాగుతున్న వాసన, నాన్నగారు వంగి లాంతరు పెట్టినప్పుడు ఆయన చొక్కా నుంచి సుద్దముక్క వాసన. సెలవుల్లో కూడా ఆయన దగ్గర ఆ వాసన పోయేది కాదు.

మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, గోడకానుకుని కూర్చునేది. ఆమె బుగ్గలో ఎప్పుడూ పొగాకు కాడ ఉండేది. కుటుంబ ప్రార్థన మొదలయ్యే ముందు దాన్ని తీసి, గోడకున్న ఒక పగులులో పెట్టేది. ఆమేన్ అనగానే చూడకుండానే చెయ్యి వెనక్కి పెట్టి అదే పగులులోంచి తీసుకునేది. నాన్నగారి ప్రార్థన చాలా పొడుగు. దేశాధినేతల నుంచి మా మేక దాకా అందరి క్షేమం అందులో వచ్చేది. అమ్మ సగంలోనే కునికిపాట్లు పడేది. ప్రార్థన అయ్యాక నాన్నగారు గొంతు సవరించుకుని, సెలవుల గురించి తాను అనుకున్నదేదో చెప్పబోయేవారు. మామ్మ ప్రతి ఏడాదీ అక్కడే ఆపేది.

"ఆగరా. ముందు చిన్నదాన్ని అడుగు."

ఆ ఇంట్లో చిన్నదాన్ని నేను. అలా ఎందుకని నాన్నగారు ఒకసారి అడిగితే మామ్మ చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "పెద్దోళ్ళు మాటాడేకా చిన్నోళ్ళు మాటాడేదేముంటది? మీరన్నదే మళ్ళీ అంటారు. దాని కడుపులో ఏముందో ముందు బయటికి రానీ." దీనికింకో నియమం కూడా ఉండేది. చిన్నవాళ్ళు అడిగింది ముందు ఖాయం చేసి, మిగతా పనులు దాని చుట్టూ సర్దుకోవాలి. ఒకరోజు పని కావచ్చు, నాలుగు రోజుల పని కావచ్చు. అడిగింది మాత్రం జరిగి తీరాలి.

ఒక ఏడు నాన్నగారు రాజమండ్రిలో ఉన్న అత్తయ్యకి కార్డు రాసేశారు, ఫలానా వారం అందరం వస్తున్నామని. అక్క అప్పటికే ఆ ప్రయాణం గురించి తన స్నేహితురాళ్ళందరికీ చెప్పేసింది. గోదావరి మీద వంతెన, దాని మీద రైలు, అత్తయ్య ఇంట్లో పంకా. ఈస్టరు మర్నాడు నన్ను అడిగారు. నేను మామ్మతో కలిసి రేవు బురదలో పోయిన వస్తువులు వెతకాలన్నాను. ఆ వారమే కాలువ కడతారని, అంటే నీళ్ళు ఆపేస్తారని, ఊరంతా అనుకుంటున్నారు. అక్క ఎవరూ చూడకుండా నా తొడ మీద గిల్లింది.

నాన్నగారు నా వైపు తిరిగి అన్నారు. "ఆ బురద ఎక్కడికి పోతుందే? ఏటా ఉంటుంది. వచ్చే ఏడు వెతుక్కుందువు గాని."

మామ్మ కాడ ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకి మార్చుకుంది. "ఆ రాజమండ్రి మాత్రం ఎక్కడికి పోద్దిరా? అదీ ఏటా ఉంటది."

"కార్డు రాసేశానమ్మా."

"ఇంకోటి రాయి. అది అడిగింది. మనం అడిగేం కాబట్టి అది అడిగింది. కాదనేవాడివి అడక్కూడదు. అడిగినోడివి కాదనకూడదు."

నాన్నగారు మర్నాడు ఇంకో కార్డు రాశారు. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగోరోజు, "బురద కోతీ, నీ మూలంగా నా రైలు పోయింది" అంది. తర్వాత ఎన్నో ఏళ్ళు, నాకు పెళ్ళయ్యాక కూడా, రాజమండ్రి స్టేషన్లో నేను రైలు దిగినప్పుడల్లా ఆ మాట అంటూనే ఉంది. కిందటేడు కూడా అంది.

ఆ పెరటి సభలో అన్నీ న్యాయంగానే జరిగాయని నేను చెప్పను. నన్ను, అక్కను, నాన్నగారిని అడిగాక అమ్మ వంతు వచ్చేది. "నాకేముందండి, మీరెలా అంటే అలాగే" అనేది అమ్మ. ఆమె వంతు వచ్చేసరికి సెలవుల్లో ఆమెకి మిగిలేవి ఊరగాయలు, వడియాలు, వచ్చేపోయే చుట్టాలు. చిన్నవాళ్ళని ముందు అడగాలని తెలిసిన మామ్మకి కోడల్ని ఇంకోసారి అడగాలని తోచలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే. కానీ నన్ను అడిగారు. ఏడేళ్ళ పిల్ల నోటి మాటకి ఒక ఇంటి ప్రయాణం ఆగింది. ఆ తర్వాత నా జీవితంలో నన్ను ఎవరేం అడిగినా ఆలోచించి జవాబు చెప్పడం నాకు అక్కడే అలవాటైంది. నా మాట వల్ల ఏదో ఒకటి జరుగుతుందని నాకు తెలుసు.

కాలువ కట్టడమంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వేసవిలో, రెండో పంట దాళ్వా కోతలు అయ్యాక, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర తూముల తలుపులు దించి కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. మరమ్మతులు చేసుకోవడానికి. మొదటి రోజు పెద్ద తేడా కనిపించదు. రెండోరోజుకి నీళ్ళు మోకాళ్ళ దాకా దిగుతాయి. మూడోరోజుకి అడుగు బయటపడి, అక్కడక్కడ గుంటల్లో మాత్రం నీళ్ళుంటాయి. మగవాళ్ళు ఆ గుంటల్లో చేపలు పట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళు, పిల్లలు ఎవరి రేవులో వాళ్ళు వెతికేవాళ్ళు. ఏడాది పొడుగునా గిన్నెలు తోముతున్నప్పుడు, బట్టలు ఉతుకుతున్నప్పుడు, స్నానాలప్పుడు నీళ్ళలో జారిపోయినవన్నీ ఆ బురదలోనే ఉంటాయి. గ్లాసులు, గరిటెలు, బిందె మూతలు, పిల్లల కాలి పట్టీలు, తాళంచెవులు. కొబ్బరిచిప్పతో బురద గోకి, తట్టలో పోసి, గుంటలో ముంచి కడిగేవాళ్ళం. నత్తగుల్లలు, నాచు, ఎండ తగిలి వేడెక్కిన మట్టి కలిసి ఒక వాసన వచ్చేది. మంచి వాసనని చెప్పలేను. ఇప్పుడు ఎక్కడైనా తగిలితే మాత్రం ఆగిపోతాను.

దొరికిన వస్తువు దొరికినవాళ్ళది కాదు. అది మా రేవులో కట్టుబాటు. చింతపండు వేసి తోమి, మా చర్చి అరుగు మీద గోనెపట్టా పరిచి, అన్నీ వరసగా పెట్టేవాళ్ళం. గిన్నెల మీద పేర్లు కొట్టించుకునే అలవాటు అప్పటికే ఉంది కాబట్టి సగం వస్తువులకి యజమాని తెలిసిపోయేవాడు. మిగతావి ఆనవాలు చెప్పి తీసుకెళ్ళేవాళ్ళు. ఎవరూ రానివి వర్షాలు పడేదాకా అక్కడే ఉండేవి. ఎవరూ దొంగిలించేవారు కాదు.

మా రేవు అన్ని రేవులకన్నా కింద. ఎందుకు కిందో మా తరంవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పైరేవులు రైతులవి. నీళ్ళు ముందు వాళ్ళకి, తర్వాత మాకు. బరువైన వస్తువులు పడ్డచోటే ఉండిపోతాయి. మూతలు, చిన్న గిన్నెలు, గ్లాసులు దొర్లుకుంటూ మా రేవు దాకా వచ్చేవి. వాటినీ కడిగి అరుగు మీద పెట్టేవాళ్ళం. పైరేవు ఇళ్ళవాళ్ళు కబురందుకుని పాలేరుని పంపేవారు. ఒకావిడ మాత్రం తనే వచ్చింది. మా మామ్మ తోమి పెట్టిన వెండి కుంకుమభరిణెను పాలేరు చేత తీయించి, కాస్త దూరంలో నీళ్ళు పోయించి, మళ్ళీ కడిగించి, అప్పుడు తను పట్టుకుంది. మామ్మ చూస్తూ కూర్చుంది.

"మళ్ళీ కడిగించారేంటండి, మురికేవన్నా ఉండిపోయిందా?" అనడిగింది.

ఆవిడ భరిణె కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఇంటికొస్తుంటే నేను మామ్మని అడిగాను, వాళ్ళవి మనమెందుకు తిరిగివ్వాలని. "ఆవిడ కడుక్కున్నది ఆవిడ ఇష్టం. ఇచ్చింది మనిష్టం" అంది మామ్మ. అందుకే ఆ రోజులు బంగారు రోజులని నేననను. అనేవాళ్ళు ఏ రేవువాళ్ళో నాకు తెలుస్తుంది.

మామ్మ ఇత్తడి చెంబు మీద కూడా పేరు కొట్టించి ఉంది. సువార్తమ్మ అని. అంచు దగ్గర చిన్న సొట్ట. మామ్మ తర్వాత అమ్మకి, అమ్మ తర్వాత అక్కకి వచ్చింది. అక్క దాన్ని రాజమండ్రి ఫ్లాటులో తన మంచం పక్కన పెట్టుకుని రాత్రిళ్ళు అందులోనే నీళ్ళు తాగేది. కిందటి నవంబరులో సమాధుల పండక్కి అక్క ప్రిస్సీని వెంటబెట్టుకుని మా ఊరు వెళ్ళింది. అమ్మానాన్నల సమాధులు కడగడానికి రేవులో నీళ్ళు ముంచుతుంటే చెంబు చేతిలోంచి జారిపోయింది. పిల్ల ఏడుపు మొదలుపెడితే అక్క నవ్విందట. "ఎక్కడికీ పోదులే. బరువైంది, పడ్డచోటే ఉంటుంది. మూడో మెట్టు కింద, ఎడంపక్క. గుర్తెట్టుకో. కాలవ కట్టినప్పుడు మనిద్దరం వచ్చి తీసుకుందాం." ఈ మాటలు నాకు ప్రిస్సీ చెప్పింది, అక్కని సమాధి చేసిన రోజు సాయంత్రం. క్రిస్మస్ నక్షత్రం ఇంకా వాళ్ళ బాల్కనీలో వేలాడుతూనే ఉంది.

ఇక ఆ ఆదివారం సంగతికి వస్తాను. గళ్ళన్నీ చదవడం అయ్యాక సునీల్ కూతురి వైపు తిరిగాడు.

"ఇది నాన్న ఒక్కడి ప్లాన్ కాదురా. ఫ్యామిలీ అంతా కలిసి డిసైడ్ చేసుకుంటున్నాం. అందుకే మామ్మ చెల్లెల్ని కూడా కూర్చోబెట్టాం. ఇప్పుడు చెప్పు, నీకేం కావాలి?"

తెర మీద ఖాళీ గడి ఒక్కటి కూడా లేదు.

ప్రిస్సీ ముంజె కింద పెట్టింది. "కాలవ ఎప్పుడు కడతారు నాన్నా?"

"ఏ కాలవ?"

"మామ్మావాళ్ళ ఊళ్ళోది."

సునీల్ ఫోన్లో వెతికి చూశాడు. "వచ్చే గురువారం అంట. ఎందుకు?"

"అయితే శనివారానికి నీళ్ళు దిగిపోతాయి. ఆ రోజు నేను రేవుకి వెళ్ళాలి. చెంబు తెచ్చుకోవాలి. అదొక్కటే. మిగతావన్నీ చేస్తాను."

సునీల్, సుజాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "శనివారం ఫౌండేషన్ స్క్రీనింగ్ టెస్ట్ కదమ్మా" అన్నాడు సునీల్.

"ఆదివారం?"

"ఆదివారం పేరెంట్స్‌కి ఓరియెంటేషన్. నువ్వు కూడా ఉండాలి."

"ఆ బురదలో దిగడమేంటి తల్లీ" అంది సుజాత. "రొయ్యల చెరువుల నీళ్ళన్నీ అందులోకే వదుల్తున్నారు. ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. చెంబు కావాలంటే కొనుక్కుందాంలే."

"కొన్నదాని మీద పేరుండదు కదా."

"అదెంతసేపు, కొట్టించుకోవచ్చు" అన్నాడు సునీల్. నవ్వుతూనే అన్నాడు. తర్వాత అతనికి ఇంకో ఆలోచన వచ్చింది. "ఒరేయ్, ఈ చెంబు స్టోరీ బాగుందిరా. ప్రాజెక్ట్‌లో పెట్టేద్దాం. కాలవ, చెంబు పడిపోవడం, మామ్మ నవ్వడం. యానిమేషన్ నేను చేయిస్తాను."

ప్రిస్సీ అతని వైపు చూసింది. నేను కల్పించుకున్నాను. "శనివారం దాన్ని నేను తీసుకెళ్తాను సునీలూ. బస్సులో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాం."

"మీ మోకాళ్ళతో ఆ మెట్లు ఎలా దిగుతారండి పిన్నిగారూ" అంది సుజాత.

"టెస్ట్ మిస్సయితే బ్యాచ్ మారిపోతుంది పిన్నీ. మళ్ళీ ఏడాది దాకా ఏం చెయ్యలేం" అన్నాడు సునీల్.

"నువ్వు దాన్ని అడిగావు. అది చెప్పింది."

"అడిగాను. ఏదైనా కుదిరేది చెప్తుందనుకున్నాను. ఐస్‌క్రీమో, సినిమానో."

"మా మామ్మ ఒక మాటనేది. కాదనేవాడివి అడక్కూడదని."

"ఆ రోజులు వేరు పిన్నీ. అప్పుడు మీకు ఫౌండేషన్లు లేవు కదా."

ఇదంతా వింటున్న ప్రిస్సీ అప్పుడు అంది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. "అయితే ఎందుకడిగావు నాన్నా?"

"ప్రిస్సీ, నాన్నతో అలాగేనా మాట్లాడేది" అంది సుజాత. ప్రిస్సీ ముంజె తీసుకుని మళ్ళీ పొట్టు ఒలవడం మొదలుపెట్టింది. పొట్టంతా పోయింది. ఇంకా గోళ్ళతో గీకుతూనే ఉంది.

నాకు చదువుల మీద కోపం లేదు. చదువు విలువ మా ఇంటికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కిందిరేవులో పుట్టిన మా నాన్నగారు పంతులయ్యారంటే, అక్కా నేనూ ఉద్యోగాలు చేశామంటే, ఆ చదువు వల్లే. ఈత నేర్చుకోవడం మంచిదే. కీబోర్డు కూడా మంచిదే, రేపు చర్చిలో వాయిస్తుంది. వేసవిలో పిల్లలు ఖాళీగా తిరగాలని కూడా నేననను. మేం ఖాళీగా తిరగలేదు. నాన్నగారు మధ్యాహ్నాలు మా చేత ఎక్కాలు చదివించేవారు, అమ్మకి సాయంగా మామిడికాయ ముక్కలు తుడిచేవాళ్ళం. నా కోపం ఆ అడగడం మీద. గళ్ళన్నీ నింపేశాక, ఫీజులు కట్టేశాక, మర్యాద కోసం అడగడం. జవాబు ఐస్‌క్రీము దాటకూడదని ముందే అనుకుని అడగడం. పిల్ల నిజంగా తన మనసులోది చెప్పేసరికి, ఆ చెప్పినదాన్ని కూడా తీసుకుని ప్రాజెక్టులో పెట్టడం. పిల్ల మామ్మకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఒక్క పూట లేదు, ఆ మాట మీద బొమ్మలు గీయడానికి మాత్రం ప్రతి శనివారం గంటన్నర ఉంది. దుఃఖాన్ని బయటికి రప్పించాలని పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళు, అది తనంతట తాను బయటికొచ్చి ఒక చెంబు అడిగితే గుర్తుపట్టలేకపోయారు.

ఇంట్లో ఇలాంటివి కలిసి నిర్ణయించుకోవడం ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు. పత్రికల్లో కూడా రాస్తున్నారు, పిల్లల్ని కూర్చోబెట్టుకుని మాట్లాడండని. కూర్చోబెట్టడం సులువు. నాన్నగారు ఇంకో కార్డు రాశారు చూడండి, అది కష్టం.

ఆ శనివారం ప్రిస్సీ పరీక్ష రాసింది. బాగానే రాసిందని, మంచి బ్యాచ్‌లో వేశారని సుజాత ఫోన్ చేసి చెప్పింది. సునీల్ మనసులో ఏదో గుచ్చుకున్నట్టుంది. ఓరియెంటేషన్ కూడా అయ్యాక, ఆ తర్వాతి వారం ఆదివారం చర్చి అవగానే కారు తీశాడు. "పిన్నీ, ఊరెళ్దాం రండి. దాన్ని రేవుకి తీసుకెళ్దాం" అన్నాడు. దారిలో నర్సరీల ముందు మొక్కలు ఎక్కించుకుంటున్న లారీలు అడ్డమొచ్చి అరగంట ఆలస్యమైంది. ప్రిస్సీ ఒళ్ళో ఒక కొబ్బరిచిప్ప పెట్టుకుని కూర్చుంది. ఎక్కడిదని అడిగితే, వంటింట్లో దాచి ఉంచానంది.

మా రేవు దగ్గర కారు ఆపి దిగాం. మెట్లు మూడూ కనిపిస్తున్నాయి. మూడో మెట్టు కింద బురద లేదు. పొక్లెయిన్ పళ్ళ గాట్లు పడిన పసుపు మట్టి ఉంది. రెండు వైపులా కనుచూపు మేర అలాగే గీకి ఉంది. గట్టు మీద ట్రాక్టరు పక్కన ఒకాయన టీ తాగుతున్నాడు. సునీల్ వెళ్ళి అడిగాడు.

"ఆయ్, పూడిక తీసేరండి. ఇక్కడ మొన్న గురువారం అయిపోయిందండి."

"ఆ మట్టంతా ఏం చేశారండి?"

"లేఔట్‌కి తోలేసేవండి, మెయిన్ రోడ్డు పక్కన. ఇప్పుడు పైన గ్రావెల్ కూడా పోసేసుంటారు. ఏంటండి, ఏవన్నా పడిపోయిందాండి?"

"చెంబు" అన్నాడు సునీల్.

ఆయన నవ్వలేదు. "చెప్పుంటే చూసేవోళ్ళవండి. ఈ రోజుల్లో కాలవలో ఎవరూ ఏవీ వెతకట్లేదు కదండి, మేం చూళ్ళేదు."

ప్రిస్సీ మెట్లు దిగి మూడో మెట్టు మీద నిలబడింది. ఎడంపక్కకి తిరిగి, కింద మట్టి కేసి చూసింది. అప్పుడు సునీల్ బూట్లు విప్పి, ప్యాంటు పైకి మడుచుకుని దిగాడు. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతో వంగి, గట్టి మట్టిని గోళ్ళతో గీకడం మొదలుపెట్టాడు. గాజుపెంకులు వచ్చాయి, షాంపూ పొట్లాలు వచ్చాయి. అతను మెట్ల కింద చెయ్యి పెట్టి, రాళ్ళ సందుల్లో పెట్టి, చాలాసేపు వెతికాడు. వాళ్ళమ్మ పోయిన రోజు కూడా అతని మొహం అలా లేదు. నా కోపం ఆ కాసేపు ఎటో పోయింది. ప్రిస్సీ మెట్టు మీద నుంచే అంది. "అక్కడ ఉండదు నాన్నా. బరువైంది కదా, పడ్డచోటే ఉంటుంది. పడ్డచోటు తీసేశారు." కొబ్బరిచిప్పని మెట్టు మీద పెట్టేసి పైకి వచ్చింది.

సునీల్ కారు వెనక్కి తిప్పాడు. చర్చి ముందు నుంచి వెళ్ళాం. అరుగుకి టైల్స్ వేసి, ఇనుప గ్రిల్ పెట్టి, తాళం వేశారు. కడియం దాటాక సునీల్ అద్దంలో వెనక్కి చూస్తూ అన్నాడు.

"ప్రిస్సీ, దసరా సెలవులకి నీ ఇష్టం. ముందు నువ్వే చెప్పు. నీకేం కావాలి?"

ఆ అడగడం నిజమైన అడగడమే. అతని గొంతులోనే తెలుస్తోంది. ప్రిస్సీ కిటికీలోంచి చూస్తోంది. కాలువ మా పక్కనే వస్తోంది, నీళ్ళు లేకుండా.

"ఏమీ వద్దు నాన్నా. నువ్వే పెట్టెయ్" అంది.

మా కుటుంబంలో ఆ రోజు తర్వాత సెలవుల ఏర్పాటు చేసేటప్పుడు చిన్నవాళ్ళని ముందు అడగడం లేదు.